పీలికల క్విల్ట్ దేని ఆసరాతో నిలుస్తుంది?

జాకెట్లు కుట్టే ఏ టైలరు దగ్గరైనా మెషిన్ కింద ఒక సంచి ఉంటుంది. కటింగ్‌లో మిగిలిన ముక్కలన్నీ అందులోకి పోతాయి. వాటిలో అరచేతికంటే పెద్దవాటికి గిరాకీ ఉంటుంది. ఎవరో ఒకరు అడిగి తీసుకెళ్లి పిల్లల గౌనుకు జేబో, చిన్న సంచో కుట్టుకుంటారు. మిగిలినవి పీలికలు. అంగుళం, అంగుళంన్నర వెడల్పు, ఒకవైపు సన్నం, ఇంకోవైపు లావు. మన జాకెట్లు ఎక్కువగా క్రాస్ కటింగ్, అంటే గుడ్డను ఏటవాలుగా కోసి కుట్టేవి కాబట్టి ఈ పీలికల్లో చాలావాటికి తిన్నగా ఒక అంచు కూడా ఉండదు, చేత్తో పట్టుకుని లాగితే సాగిపోతాయి. వాటిని ఎవరూ అడగరు.

క్విల్ట్ అంటే గుడ్డ పొరలు కలిపి కుట్టిన దుప్పటి. అందులో స్ట్రింగ్ క్విల్ట్ సరిగ్గా ఈ గుడ్డ కోసం పుట్టిన పద్ధతి. అమెరికాలో వందేళ్లకు పైగా పేద రైతు కుటుంబాల ఆడవాళ్లు ఇంకెందుకూ పనికిరాని సన్న పీలికలతో కప్పుకునే దుప్పట్లు కుట్టారు. పైనుంచి చూస్తే ఇదంతా చేతికి ఏది తగిలితే అది కుట్టేసినట్టే కనిపిస్తుంది. ఆ నమ్మకంతోనే మొదలుపెట్టి చాలామంది మధ్యలో వదిలేస్తారు. బ్లాకులు, అంటే పీలికలతో విడివిడిగా కుట్టుకునే చదరాలు, వంకర్లు పోతాయి, అంచులు అలల్లా లేస్తాయి, రెండు బ్లాకులు పక్కపక్కన పెడితే ఒకటి పావు అంగుళం పెద్దదిగా తేలుతుంది. పీలికల వెడల్పు, రంగు, వరస ఎలా ఉన్నా పర్వాలేని ఈ పనిలో ఒక్క విషయం మాత్రం కచ్చితంగా ఉండాలి. అది పీలికల కింద ఉండే ఆధారం. పాత అమెరికన్ ఇళ్లలో అది న్యూస్‌పేపర్. క్విల్ట్ కుట్టే తీరు, దాని చరిత్ర, మనం ఇక్కడ కుట్టుకోవాలంటే తీసుకోవాల్సిన నిర్ణయాలు అన్నీ ఆ ఆధారం చుట్టూనే తిరుగుతాయి.

ఒక బ్లాక్ ఎలా తయారవుతుంది

ఎనిమిదిన్నర అంగుళాల చదరంగా కాగితం కత్తిరించండి. ఒక మూల నుంచి ఎదుటి మూలకు పెన్సిల్‌తో గీత గీయండి. మొదటి పీలికను మంచి వైపు పైకి ఉండేలా ఆ గీత మీద పరవండి. రెండు కొసలూ కాగితం దాటి అర అంగుళం బయటికి రావాలి. రెండో పీలికను బోర్లించి, అంటే దాని మంచి వైపు మొదటిదాని మంచి వైపును తాకేలా, ఒక అంచు కలిపి పెట్టండి. అంచు నుంచి పావు అంగుళం వదిలి, రెండు పీలికలూ కాగితమూ కలిసేలా మెషిన్ మీద ఒక కుట్టు వేయండి. ఇప్పుడు రెండో పీలికను తిరగేసి వేలిగోటితో మడత నొక్కి, ఇస్త్రీ పెట్టెతో అదమండి. పెట్టెను అటూ ఇటూ రుద్దకూడదు, కిందికి నొక్కి ఎత్తాలి. రుద్దితే క్రాస్ పీలిక సాగుతుంది.

ఇలాగే మూడోది, నాలుగోది. ఒక మూల నిండాక మొదటి పీలికకు రెండో పక్క నుంచి మొదలుపెట్టి ఎదుటి మూల వరకు. అంతా అయ్యాక బ్లాక్‌ను తిరగేసి, కాగితం అంచు ఎక్కడుందో అక్కడికి కత్తిరిస్తే కచ్చితమైన చదరం చేతికొస్తుంది. ఇంతే పద్ధతి. గంటలో నేర్చుకోవచ్చు.

ఇందులో చిన్నగా కనిపించే రెండు సంగతులు తర్వాత పెద్ద ఇబ్బంది పెడతాయి. ఒకటి, మూలల్లో వచ్చే చివరి పీలిక. అక్కడ అంగుళం వెడల్పుది వేస్తే బ్లాకులు కలిపే కుట్టులో పావు అంగుళం పోయి గోరంత ముక్క మిగులుతుంది. నాలుగు బ్లాకుల మూలలు కలిసే చోట కుట్ల మీద కుట్లు పడి గట్టి ముడిలా తయారవుతుంది, మెషిన్ సూది విరిగేది అక్కడే. చివరి పీలిక రెండు అంగుళాలకు తగ్గకుండా చూసుకోండి. రెండోది, లోపలికి పోయిన గుడ్డ. లేత రంగు పీలిక కింద ముదురు రంగు గుడ్డ ఎక్కువ మిగిలితే అది పైకి నీడలా కనిపిస్తుంది. తిరగేసే ముందు దాన్ని పావు అంగుళానికి కత్తిరించాలి. చాలామంది బద్ధకించేది ఇక్కడే.

కాగితం చేసే పని

గుడ్డను పడుగు దిశలో, అంటే నిలువు పోగుల వెంట లాగితే దాదాపు సాగదు. పేక దిశలో, అంటే అడ్డ పోగుల వెంట కొంచెం సాగుతుంది. ఆ రెంటికీ మధ్య ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో లాగితే బాగా సాగుతుంది. జాకెట్టు ఒంటికి అతికినట్టు కూర్చోవాలని టైలర్లు క్రాస్ కటింగ్ చేసేది అందుకే. అక్కడ మనకు కావాల్సింది ఆ సాగుడే. క్విల్ట్‌లో అదే గుణం పని చెడగొడుతుంది.

మన బ్లాక్‌లో పీలికలు మూల నుంచి మూలకు ఏటవాలుగా ఉన్నాయి. అవి పడుగు వెంట తిన్నగా కత్తిరించిన మంచి పీలికలే అనుకుందాం. అయినా చదరంగా కత్తిరించిన తర్వాత బ్లాక్ నాలుగు అంచులూ ఆ గుడ్డకు క్రాస్ అవుతాయి. నాలుగూ. కాగితం లేకుండా పీలికలను ఒకదానికొకటి కుట్టుకుంటూ పోయి చివర్లో చదరం కత్తిరిస్తే, ఆ చదరాన్ని చేతిలోకి తీసుకోగానే రూపం మారిపోతుంది. పక్క బ్లాక్‌తో కుట్టేటప్పుడు మెషిన్ పళ్లు కింది గుడ్డను ఒక వేగంతో లాగుతాయి, పాదం పై గుడ్డను ఆపుతుంది, రెండూ కలిసి అంచును ఇంకా సాగదీస్తాయి. ఇలాంటి బ్లాకులు డెబ్బై కలిపితే క్విల్ట్ నేలమీద చదునుగా పడుకోదు.

కాగితం సాగదు. ప్రతి కుట్టూ పీలికను కాగితానికి కట్టేస్తుంది కాబట్టి గుడ్డ గుణం ఏదైనా, అది కాగితం కొలతకు లోబడి ఉంటుంది. గుడ్డలోని పడుగు పోగులు చేయాల్సిన పనిని కాగితం చేస్తుంది. జాకెట్టు క్రాస్ కటింగ్‌లో మిగిలిన వంకర పీలిక మామూలు అతుకుపనికి పనికిరాకపోయినా ఇక్కడ పనికొచ్చే కారణం ఇదే. మీ పీలికలు ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా ఉన్నా దిగులు లేదు. చదరం కొలత పీలికల మీద ఆధారపడనే లేదు.

ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా నియమాలన్నీ వాటంతటవే వస్తాయి. కుట్టు ఎందుకు చిన్నగా ఉండాలి? మామూలుగా మెషిన్ కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు. ఇక్కడ ఒకటిన్నరకు తగ్గించాలి. చిన్న కుట్లు కాగితాన్ని స్టాంపుల మధ్య చిల్లుల్లా పొడుస్తాయి, తర్వాత లాగితే గీత వెంబడి చిరుగుతుంది. పెద్ద కుట్లతో కుట్టి కాగితం లాగితే కుట్లే వదులైపోతాయి. కాగితాన్ని ఎప్పుడు తీయాలి? బ్లాకులన్నీ ఒకదానికొకటి కలిపాకే తీయాలని నా గట్టి అభిప్రాయం. ముందే తీస్తే లోపలి పీలికలకు ఇబ్బంది లేదు కానీ నాలుగు క్రాస్ అంచులూ విడుదలైపోతాయి, అసలు కాగితం కాపాడాల్సింది వాటినే. కలిపే కుట్టులో కాగితం ఇరుక్కుని తీయడం విసుగు పుట్టిస్తుంది, నిజమే. కుట్టు మీద కాస్త నీళ్లు చిలకరించి రెండు నిమిషాలు ఆగితే సులువుగా వస్తుంది.

కాగితం కోసే సూది తొందరగా మొద్దుబారుతుంది. టప్ టప్ మని శబ్దం మొదలైందంటే మార్చేయాలి.

పొదుపు లెక్క

మిగిలిన గుడ్డతో కుడతాం కాబట్టి స్ట్రింగ్ క్విల్ట్ అంటే పొదుపు అని అందరూ అంటారు. ఈ మాట ఎంతవరకు నిజమో లెక్క వేసి చూడాలి.

ఒక మనిషి కప్పుకునే క్విల్ట్ 56 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు అనుకుందాం. కుట్టయ్యాక ఎనిమిది అంగుళాలు వచ్చే బ్లాకులు అడ్డంగా 7, నిలువుగా 10, మొత్తం 70. పై భాగం విస్తీర్ణం 4,480 చదరపు అంగుళాలు. 44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ కొంటే దీనికి రెండున్నర మీటర్ల పైచిలుకు చాలు.

పీలికలతో అయితే ఎంత? పీలిక సగటు వెడల్పు ఒకటి ముప్పావు అంగుళం అనుకుంటే, రెండు పక్కలా పావు చొప్పున కుట్టులోకి పోయి పైకి కనిపించేది ఒకటింబావు అంగుళం. బ్లాక్‌కు తొమ్మిది, పది పీలికలు పడతాయి. మొత్తం సుమారు 650. కుట్టులోకి పోయేది, కాగితం అంచు దగ్గర కత్తిరించేది అన్నీ కలిపితే నాలుగున్నర మీటర్లు దాటుతుంది. అంటే మామూలు గుడ్డకు దాదాపు రెట్టింపు. పీలిక సన్నబడేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. రెండున్నర అంగుళాల పీలికలో అయిదో వంతు లోపలికి పోతుంది. అంగుళం పీలికలో సగం పోతుంది. ముప్పావు అంగుళం పీలికలో మూడింట రెండొంతులు.

దారం సంగతి. ఈ పీలికలను కలిపే కుట్ల పొడవే వంద మీటర్లు దాటుతుంది. పైదారం, బాబిన్ దారం కలిపి దానికి రెండున్నర నుంచి మూడు రెట్లు లాగుతుంది. ఇక సమయం గురించి చెప్పనక్కర్లేదు.

కాబట్టి స్ట్రింగ్ క్విల్ట్‌లో గుడ్డ, దారం, శ్రమ అన్నీ ఎక్కువే ఖర్చవుతాయి. పొదుపు ఒకే చోట ఉంది. ఆ గుడ్డకు ఇంకో ఉపయోగం లేదు, దానికి ఎవరూ డబ్బు ఇవ్వరు. చేతిలో డబ్బు లేని ఇంట్లో ఒకరి శ్రమకు కూలి కట్టనప్పుడే ఈ లెక్క కుదురుతుంది. అందుకే ఈ రోజు కొత్త గుడ్డ మీటర్లకొద్దీ కొని, దాన్ని పీలికలుగా కోసి స్ట్రింగ్ క్విల్ట్ కుట్టడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందంగా వస్తుంది, కాదనను. కానీ ఆ పద్ధతిలో వృథా అయ్యే సగం గుడ్డకు అక్కడ ఏ కారణమూ మిగలదు.

జీస్ బెండ్

ఈ లెక్క ఎక్కడ నిజంగా జీవితమైందో తెలియాలంటే అమెరికాలోని అలబామా రాష్ట్రానికి వెళ్లాలి. విల్‌కాక్స్ కౌంటీలో అలబామా నది ఒక పల్లెను మూడు వైపులా చుట్టి పారుతుంది. ఆ వంపు పేరే ఊరి పేరు: జీస్ బెండ్. 1816లో జోసెఫ్ జీ అనే భూస్వామి అక్కడ పత్తి తోట పెట్టాడు. 1845లో అది మార్క్ పెట్‌వే చేతికి వచ్చింది. బానిసత్వం పోయాక కూడా అక్కడి నల్లజాతి కుటుంబాలు అదే భూమిని పాలుకు సాగుచేస్తూ ఉండిపోయాయి. ఈనాటికీ ఊళ్లో చాలామంది ఇంటిపేరు పెట్‌వే.

1932లో వాళ్లకు అప్పు మీద సరుకులిచ్చే వ్యాపారి చనిపోయాడు. అతని భార్య తరఫున మనుషులు వచ్చి బాకీ కింద పశువులను, పనిముట్లను, దాచుకున్న మొక్కజొన్నను కూడా పట్టుకుపోయారు. ఆ చలికాలం రెడ్‌క్రాస్ పంపిన తిండితో ఊరు బతికింది. 1937లో ప్రభుత్వం తరఫున ఆర్థర్ రోత్‌స్టీన్ అక్కడికి వెళ్లి ఫొటోలు తీశాడు. ఆ ఫొటోల్లో దుంగల ఇళ్ల లోపలి గోడల నిండా న్యూస్‌పేపర్లు, పత్రికల కాగితాలు అంటించి ఉంటాయి. సందుల్లోంచి వచ్చే చలిగాలిని ఆపడానికి వాళ్ల దగ్గర ఉన్నది అదే. ఇంటికి కాగితం, మంచానికి గుడ్డ ముక్కలు.

జీస్ బెండ్ క్విల్టులన్నీ స్ట్రింగ్ క్విల్టులు కావు. ఇంటి కప్పులా చదరం చుట్టూ చదరం పేర్చే పద్ధతి అక్కడ ఎక్కువ ప్రసిద్ధి. పొలం పనికి వేసుకున్న ప్యాంట్లు, చొక్కాలు విప్పదీసి పెద్ద పట్టీలుగా కుట్టినవి ఉన్నాయి. 1942లో మిజూరీ పెట్‌వే భర్త చనిపోతే అతను పనికి వేసుకున్న బట్టలతో ఒక క్విల్ట్ కుట్టింది, కూతురు అర్లోంజియా సాయం చేసింది. వెలిసిన నీలం, బూడిద రంగు గుడ్డ, మధ్యమధ్య కొంచెం ఎరుపు. పెద్ద ముక్కలు దొరికితే పెద్దవి, పీలికలే దొరికితే పీలికలు. ఏది మిగిలితే దాని ఆకారం నుంచే డిజైన్ మొదలవుతుంది.

1960ల్లో కథ ఇంకో మలుపు తిరిగింది. నల్లజాతి వాళ్లు ఓటు నమోదుకు నది దాటి కౌంటీ కేంద్రం కామ్‌డెన్‌కు వెళ్లడం మొదలుపెట్టగానే 1962లో పడవ సర్వీసు ఆపేశారు. నది అవతల కనిపించే ఊరికి రోడ్డు మీద గంటకు పైగా ప్రయాణం. ఆ పడవ మళ్లీ నడిచింది 2006లో. ఓటు అడిగినందుకు ఇళ్లు, భూములు ఖాళీ చేయించిన కుటుంబాలకు ఆదాయం కావాలి. 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. ఎపిస్కోపల్ చర్చి పాదరీ ఫ్రాన్సిస్ వాల్టర్ వాళ్ల క్విల్టులను న్యూయార్క్‌లో వేలం వేయించడంతో అది మొదలైంది. 1972లో పెద్ద దుకాణాల సంస్థ సియర్స్ నుంచి కార్డ్యురాయ్ దిండు గలీబుల ఆర్డరు వచ్చింది.

నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే. కంపెనీ ఆర్డరు అంటే ప్రతి గలీబూ ఒకేలా ఉండాలి, ఒకే కొలత, ఒకే కుట్టు. ఆ పనిలో మిగిలిన బంగారు పసుపు, ఆకుపచ్చ, నారింజ, చెర్రీ ఎరుపు కార్డ్యురాయ్ ముక్కలను ఆడవాళ్లు ఇళ్లకు తెచ్చుకుని, సొంతానికి క్విల్టులు కుట్టారు. మందంగా, చారలతో ఉండే ఆ గుడ్డ సన్న పనికి లొంగదు. వాళ్లు దాన్ని వెడల్పు పట్టీలుగా, పెద్ద దిమ్మెలుగా వాడారు. కంపెనీ పనిలో స్వేచ్ఛ లేనిచోట, ఆ పని వదిలిన ముక్కల్లో వాళ్ల స్వేచ్ఛ కనిపిస్తుంది.

2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో, అదే ఏడాది న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఈ క్విల్టులు గోడకెక్కాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వీటిపై పది స్టాంపులు వేసింది. 2015లో మేరీ లీ బెండాల్ఫ్, లూసీ మింగో, లొరెట్టా పెట్‌వేలకు జాతీయ వారసత్వ ఫెలోషిప్ దక్కింది. మ్యూజియం గోడ మీద వీటిని ఆధునిక చిత్రకళతో పోల్చి పొగిడారు. ఆ పొగడ్త న్యాయమే అయినా, వాటి వెనక ఉన్న చలి, అప్పు, పత్తి చేను దానితో కొట్టుకుపోకూడదు.

ఇది ఆఫ్రికా నుంచి వచ్చిందా

స్ట్రింగ్ క్విల్టుల గురించి చదివేవాళ్లకు తప్పక ఎదురయ్యే చిక్కు ప్రశ్న ఇది. ఘనా వైపు కెంటే గుడ్డను సన్నని మగ్గం మీద సుమారు నాలుగంగుళాల పట్టీలుగా నేసి, వాటిని పక్కపక్కన కుట్టి పెద్ద వస్త్రం చేస్తారు. కళాచరిత్రకారుడు రాబర్ట్ ఫారిస్ థాంప్సన్ లాంటివాళ్లు ఆ పట్టీల అలవాటు, లయ తప్పించి రంగులు పేర్చే ధోరణి అమెరికా నల్లజాతి క్విల్టుల్లో కొనసాగాయని చెప్పారు. క్విల్టుల చరిత్రను జీవితమంతా పరిశోధించిన నల్లజాతి పండితురాలు క్యూస్టా బెన్‌బెరీ ఇంకో వైపు నుంచి హెచ్చరించింది. నల్లజాతి ఆడవాళ్లు అన్ని రకాల క్విల్టులూ కుట్టారు, సూక్ష్మమైన కొలతల పనితో సహా. వాళ్ల పనినంతా పట్టీలకు, వంకర గీతలకు కుదించడం అన్యాయం అని ఆమె వాదన.

నాకు రెండో వైపే మొగ్గు. 1930ల మాంద్యం కాలంలో తెల్లజాతి రైతు కుటుంబాలు కూడా న్యూస్‌పేపర్ మీద, సరుకుల కేటలాగు పేజీల మీద ఇవే బ్లాకులు కుట్టాయి. సన్న పీలికలు, ఊరికే దొరికే కాగితం, డబ్బు లేకపోవడం, ఈ మూడూ ఎక్కడున్నా ఈ పద్ధతి పుట్టే అవకాశం ఉంది. అయితే ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలి, ఎక్కడ వరస తప్పించాలి అనేది చేతి నుంచి చేతికి వచ్చే జ్ఞానం. దానికి గుడ్డ కొరత ఒక్కటే కారణం అనలేం.

పాత స్ట్రింగ్ క్విల్టుల్లో కొన్నిటి వెనక ఇప్పటికీ కాగితం ముక్కలు అంటుకుని ఉంటాయి. పేపరు మీద తేదీ కనిపిస్తే, క్విల్ట్ అంతకంటే ముందు కుట్టింది కాదని చరిత్రకారులకు తెలుస్తుంది. ఎంత తర్వాతో మాత్రం తెలియదు, పాత పేపర్లు ఇళ్లలో ఏళ్ల తరబడి ఉంటాయి కదా.

మన బొంతకు, దీనికి తేడా

మన ఊళ్లలో బొంత కుట్టే తీరు వేరు. పాత చీరలు, పంచెలు మూడు నాలుగు పొరలుగా పరిచి, అంచులు మడిచి, ఈ చివర నుంచి ఆ చివరకు దూరదూరంగా కుట్లు వేసుకుంటూ పోతారు. చిరిగిన చోట ఇంకో ముక్క అతికి దాని మీదుగా అదే కుట్టు లాగుతారు. ఇక్కడ ఆధారం పూర్తి చీరే. అది ఏటవాలుగా కోయని నిండు గుడ్డ కాబట్టి అంచులు సాగవు, అతుకు ఎలా ఉన్నా అది మోస్తుంది. పైకి కనిపించే కుట్టే పొరలన్నిటినీ కలిపి పట్టుకుంటుంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్ది సమాజపు ఆడవాళ్లు కుట్టే కవంది కూడా ఇంతే. వాళ్లు కింద పరిచిన గుడ్డ మీద అంచు నుంచి మధ్యకు ముక్కలు పేర్చుకుంటూ వస్తారు, నాలుగు మూలల్లో మడిచిన చిన్న గుడ్డ పూలు పెడతారు.

బొంత ఒకేసారి, ఒకే ముక్కగా పెరుగుతుంది. నేలమీద పరిచేంత చోటు, కూర్చునేంత తీరిక కావాలి. స్ట్రింగ్ క్విల్ట్‌ను బ్లాకులుగా విడగొట్టవచ్చు. ఒక్కో బ్లాక్ ఒళ్లో పట్టే సైజు. వంట మధ్యలో ఒకటి, మధ్యాహ్నం ఒకటి కుట్టి పక్కన పడేయవచ్చు. ఆధారం అన్నిటికీ ఒకే కొలత ఇస్తుంది కాబట్టి ఆరు నెలల తర్వాత కుట్టినది కూడా మొదటిదానితో సరిగ్గా కలుస్తుంది. రెండూ అతుకులే అయినా వాటిని కుట్టే ఆడవాళ్ల రోజు ఎలా గడుస్తుందో ఆ తేడాలో కనిపిస్తుంది.

మనం ఇక్కడ కుట్టుకోవాలంటే మొదటి నిర్ణయం కాగితమా, గుడ్డా అన్నదే. న్యూస్‌పేపర్ చవక, కానీ సిరా లేత రంగు గుడ్డకు అంటుతుంది, ఇస్త్రీ వేడికి ఇంకా అంటుతుంది. నెలలు దాచిన పాత పేపరైతే కొంత నయం. పిల్లల రాసేసిన నోటుపుస్తకాల కాగితం మందం, చిరగడం కష్టం. పాత టెలిఫోన్ డైరెక్టరీ కాగితం లాంటి పల్చటిది దొరికితే అంతకంటే మంచిది లేదు.

గుడ్డ ఆధారం అంటే పాత కాటన్ దుప్పటో, మెత్తబడిన పంచో చదరాలుగా కత్తిరించి వాడటం. దీన్ని తీయనక్కర్లేదు, లోపలే ఉండిపోతుంది. కుట్టు కూడా మామూలు పొడవే చాలు. బరువు పెరుగుతుంది, చేత్తో క్విల్టింగ్ కుట్టు వేయడం కష్టమవుతుంది. కానీ మన వాతావరణానికి ఇదే సరైనదని నేను అనుకుంటాను. అమెరికా చలికి మధ్యలో దూది పొర తప్పనిసరి. విజయవాడలోనో, వరంగల్‌లోనో దూది పొర ఉన్న క్విల్ట్ ఏడాదికి ఎన్నాళ్లు కప్పుకుంటాం? గుడ్డ ఆధారం మీద కుట్టిన పై భాగానికి వెనక ఒక పాత చీర వేస్తే మూడు పొరలు అయినట్టే, డిసెంబరు చలికి సరిపోతుంది. చదరాలను మాత్రం పడుగు వెంట తిన్నగా కత్తిరించాలి. వాటినీ క్రాస్‌గా కోస్తే ఆధారం ఉన్నా లేనట్టే.

గుడ్డల్లో కాటన్‌తో కాటన్ కలపండి. టూ బై టూ జాకెట్టు ముక్కలు, లైనింగ్ ముక్కలు, మంగళగిరి కాటన్ బాగా కుదురుతాయి. సింథటిక్ ముక్కలు ఇస్త్రీకి ముడుచుకుపోతాయి. జరీ అంచు ముక్కలు చూడ్డానికి బాగున్నా గట్టిగా ఉండి ఒంటికి గుచ్చుకుంటాయి. కలంకారీ, ముదురు ఎరుపు, నీలం ముక్కలను ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. రంగు దిగితే విడిగా రెండు మూడుసార్లు ఉతికాకే వాడాలి. ఒక్క ఎర్ర పీలిక మొదటి ఉతుకులో 649 పీలికలను పాడుచేయగలదు.

రంగుల వరస

ఇన్ని రంగులు కలిస్తే గందరగోళం అవదా అని అందరికీ టెన్షన్. దానికి పాత క్విల్టర్ల జవాబు చాలా తెలివైనది. ప్రతి బ్లాక్‌లో కర్ణం మీద, అంటే మూల నుంచి మూలకు వచ్చే మొదటి పీలికను ఒకే రంగులో, ఒకే వెడల్పులో వేస్తారు. మిగతావి ఏవైనా కానివ్వండి. నాలుగు బ్లాకులను తిప్పి పెడితే ఆ పీలికలు కలిసి ఒక వజ్రం ఆకారం వస్తుంది, క్విల్ట్ మొత్తానికి వజ్రాల వల ఏర్పడుతుంది. కన్ను ఆ వలను పట్టుకుంటుంది, మిగతా రంగులు దాని మధ్య ఎంత అల్లరి చేసినా ఇబ్బంది ఉండదు. ఆ ఒక్క రంగుకు సరిపడా గుడ్డ ముందే చూసుకోవాలి. 70 బ్లాకులకు 13 అంగుళాల పొడవున్న రెండంగుళాల పీలికలు 70 కావాలి, పన్నా గుడ్డ అయితే మీటరు పైన మరి కాస్త.

రెండో దారి ముదురు, లేత తేడా. కర్ణానికి ఒక పక్క అన్నీ ముదురు, ఇంకో పక్క అన్నీ లేత. బ్లాకులను తిప్పుతూ పోతే జిగ్‌జాగులు, వజ్రాలు, గాలిమరలు వస్తాయి. ఇక్కడ రంగు పేరు ముఖ్యం కాదు, దాని ముదురుతనం ముఖ్యం. ఎరుపు, ఆకుపచ్చ కంటికి వేరుగా కనిపిస్తాయి కానీ చాలాసార్లు ముదురుతనంలో సమానం. ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

ఆధారాన్ని చదరం బదులు ఇంకో ఆకారంలో కత్తిరిస్తే ఇదే కుట్టు ఇంకో డిజైన్ అవుతుంది. త్రికోణాలైతే సాలెగూడు, 45 డిగ్రీల వజ్రాలు ఎనిమిదైతే పెద్ద నక్షత్రం. పీలికల పని మారదు.

పొరలు కలిపే దగ్గర ఒక మాట. స్ట్రింగ్ క్విల్ట్ అంతా కుట్లమయం కాబట్టి సన్నటి చేతికుట్టు వేయాలని పట్టుబట్టకండి, సూది దిగదు. పెద్ద కుట్లు వేయండి, లేదా నాలుగైదు అంగుళాలకొకటి చొప్పున గట్టి దారంతో ముడులు వేయండి. అంచుకు మాత్రం క్రాస్ పట్టీ కత్తిరించి పైపింగ్‌లా వేస్తే మూలలు చక్కగా తిరుగుతాయి.

డెబ్బై బ్లాకుల పనిలోకి నేరుగా దిగక్కర్లేదు. నాలుగు కుట్టి కలిపితే పదహారు అంగుళాల కుషన్ కవర్‌కు ముందు భాగం అవుతుంది, నలభై పీలికలు చాలు. కాగితం తీసేటప్పుడు కుట్లు వదులవుతుంటే కుట్టు పొడవు ఇంకా తగ్గించాలి. మధ్య మూల గట్టిపడితే చివరి పీలికలు వెడల్పు చేయాలి. నాలుగూ కలిపాక చదునుగా పడుకోకపోతే ఇస్త్రీ రుద్దుతున్నారా, కాగితం ముందే తీసేశారా చూసుకోండి. ఇవి సర్దుకున్నాక టైలరు దగ్గరికి వెళ్లి ఆ సంచి అడగండి. ఊరికే ఇచ్చేస్తారు.